పదడుగులకు తొమ్మిది

రైలు ఆగుతది, ఓడ ఆగదు
అన్నడు టికెట్లు రాసిచ్చినాయిన.
అందుకే ఒకరోజు ముందుగాల పోవాలె.
రెండు రాత్రులు నీళ్ల మీద, అవి కుదిరినయి.
దానికంటె ముందు ఒక్క రాత్రి నేల మీద,
విశాఖపట్నంల, ఆరుగురికి ఒక్క అర్ర.

గింతే గదా అనుకున్న.

కొత్తవాడల మగ్గం పక్కన కూసోని
మేఘన పాత నోటుబుక్కు ఎనుక అట్ట మీద
లాడ్జీల నంబర్లు రాసుకున్న.
మొదటాయిన రెండు రూములు తీసుకోవాలన్నడు,
ఒక్కోటి ఇరవై రెండు వందలు.
రెండో ఆయన పిల్లల వయసు అడిగిండు.
చింటుగానికి తొమ్మిదని చెప్పిన.
"పదకొండే!" అని పక్కకెల్లి మొత్తుకున్నడు వాడు.
మూడో కాడ సముద్రం కనవడే కిటికీకి ఏడువందలు ఎక్కువ.
"కనవడని కిటికీ ఇయ్యున్రి,
ఎల్లుండి దాని నడిమిట్ల ఉంటం గదా" అన్న.
నవ్విండు గని రూపాయి తగ్గలే.

మామ ఓదెలుకు ఇదంత వినవడ్తనే ఉన్నది.
ఎనుకట జంపఖానల మోపుల మీద
నల్లరంగుల కుంచె ముంచి రాసేది ఆయనే.
పేరు, లెక్క, కింద "హార్బర్".
ఇరవై ఏండ్లు రాసిండు.
అది ఊరో, వాడో, మనిషో ఎవల్నీ అడగలే.
సొసైటీల ఆగిన పొదుపు పైసలు
మొన్న ఒక్కసారే పడ్డంక
ఏం చేద్దమని సదానందం అడిగితే
బంగారం అన్నది మా ఆడిబిడ్డ సరోజన. ఫ్రిజ్ అన్న నేను.
"మోపులు యాడికి పోయినయో సూసొద్దం" అన్నడు మామ.
పేరుకు ఓడ, గెల్సింది మాత్రం అదే.

తొమ్మిదో నంబరు ఒక ఆడమనిషి ఎత్తింది.
స్టేషన్ ఎనుక సందు, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు,
పద్నాలుగు వందలు. మంచం మీద ముగ్గురు.
"మిగతా ముగ్గురికీ పరుపులేయిస్తానండీ, ఒక్కోటి మూడొందలు."
"పరుపులొద్దమ్మా. కింద జాగ ఎంతున్నదో చెప్పు."
"జాగా ఏంటండీ?"
"నేల. నేల కొలత."

కొద్దిసేపు ఫోన్ల ఫ్యాను సప్పుడే.
తర్వాత చెప్పుల సప్పుడు, తాళం, తలుపు,
ఒకటీ రెండూ అని అడుగులేసుకుంట లెక్కవెట్టుడు.
"మంచం బయట పెట్టిస్తే పదడుగులకి తొమ్మిదండీ.
ఇలా ఎవరూ అడగలేదు నన్ను."
నేసేటోల్లం తల్లీ, మాకు అడిగేటందుకు ఇంకేం తెల్వది.
"మంచం లేని గదికి పన్నెండొందలు చాల్లెండి" అన్నదామె,
తనకు తనే చెప్పుకున్నట్టు.

ఆ రాత్రి బువ్వలు తిన్నంక
సదానందం ముందర్రల సుద్దతోటి గీసిండు:
ఇటు పది, అటు తొమ్మిది, మూలకు తలుపు.
మామ అటక మీదికెల్లి
అమ్ముడువోని జంపఖాన దింపిండు.
ఎర్రచారలది. అంచుల ఒక పోగు తప్పింది,
అది ఆయనకే కనవడ్తది.

వరుసగ పండుకున్నం.
దగ్గొస్తదని గోడదిక్కు కొంరమ్మత్త,
తలుపు కాడ సదానందం.
చింటుగాని కాళ్లు గీత దాటినయి.
"పదకొండేండ్లు మరి" అన్నది మేఘన.
సరోజన పక్కకు తిరిగితే అందరం తిరగాలె.
తిరిగినం.
నవ్వు ఆ చివర మొదలై ఈ చివరిదాక వచ్చింది.
వాడకట్టుల ఎవల్దో మగ్గం ఇంక కొడ్తనే ఉన్నది.

"ఓడల అర్ర దీనికన్న పెద్దగుంటదా?"
అత్త చీకట్ల అడిగింది.
ఎవ్వలం చెప్పలే.
టికెట్ల కాయితం మీద ఆ కొలత లేదు.

అందరూ నిద్రవొయిండ్రు, మామ పోలే.
పక్కనున్న సుద్దగీతను
వేళ్లతోటి మెల్లగ తడుముతున్నడు,
దాటితే చెయ్యి తడుస్తదన్నట్టు.