వేళ్లు తెగిన

చీమకుర్తిలో మా ఆఫీసు ఒక రేకుల షెడ్డు.
ఫ్యాను తిరిగితే కాగితాల మీద నల్లపొడి కదులుతుంది,
దాంట్లో అక్కడక్కడా మెరుపు చుక్క.
షియామెన్ నుంచి వచ్చిన మెయిలు తెరిచి
చైనా ముక్కను ఇంగ్లీషు ముక్క చేస్తాను.
నెలకు ఇరవై రెండు వేలు.

డాక్టరు చదువుకని పోయి మూడేళ్లు నేర్చిన భాష.
చదువు సగంలో ఆగింది, భాష ఆగలేదు.
మా నాయన ఇప్పటికీ అంటాడు:
"నరాల పేర్లు మరిచిపోయి రాళ్ల పేర్లు నేర్చినావు గదే."

వాళ్లకొక చిన్న మాట ఉంది.
ద అనబోయి త దగ్గర ఆగినట్టు పలుకుతారు.
మూల విరిగిన, త, రాయి.
గీత పడిన, త, పలక.
జరిగిందంతా ముందు చెప్పి
ఎవరికి జరిగిందో చివర్న చెబుతారు.
మనమూ అంతేగా.
"బర్రె చచ్చిపోయిన కోటమ్మ వచ్చిందే" అని మా నాయనమ్మ కేకేస్తే
బర్రె ఎవరిదని ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇంగ్లీషు అడుగుతుంది.
హూజ్ అంటుంది,
వాకిట్లో రిజిస్టరు పట్టుకొని నిలబడ్డ వీఆర్వో మాదిరి.
ప్రశ్న వేసే మాటా ముడి వేసే మాటా దానికి ఒకటే.
ఆ మూల ఆ రాయిదేనని రాసియ్యాలి.
మొదట్లో నవ్వొచ్చేది,
రాయికి ఆస్తేంది, పాసుబుక్కేంది అని.
విత్ పెట్టి దాటేసేదాన్ని.
మూల విరిగిన రాయి, విరిగిన మూలతో రాయి,
ఎట్టా రాసినా రేటు తగ్గించేది అంతే.

మొన్న మంగళవారం
వైరు రంపం తెగి కొరడా మాదిరి లేచింది.
పాలపర్తి ఇర్మియా. కుడిచెయ్యి. రెండు వేళ్లు.
జువాంగ్ ఆ పొద్దు క్వారీలోనే ఉన్నాడు,
తడిగుడ్డతో బ్లాకులు తుడిచి పగుళ్లు చూసుకుంటా.
ఆ గుడ్డ పారేసి మెడలో తువ్వాలు తీసి చుట్టాడు.
ఒంగోలు ఆస్పత్రి దాకా
వెనక సీట్లో ఆ చెయ్యి పైకెత్తి పట్టుకొనే కూర్చున్నాడంట.
రాత్రికి వాళ్ల కంపెనీకి ఉత్తరం, మాకొక కాపీ.
పేరు తెలీదు కాబట్టి అంతటా ఒకటే మాట:
వేళ్లు తెగిన, త.
దాని పక్కన ఇంకేమీ లేదు.
నాకు తెలుగులో వినపడింది,
తెగినతను.

శేషగిరి గారు నా కుర్చీ వెనక నిలబడి చదివించుకున్నారు.
"మనిషి ఎందుకమ్మా మధ్యలో?
వేళ్లు తెగిన రోజు అని రాయి. తేదీ ఉంటే చాలు.
కాదంటే వేళ్లు తెగిన మిషను.
వాడి పేరు మస్టర్లో లేదు గదా."

గొంతు లోపలే చెప్పి చూసుకున్నాను.
వేళ్లు తెగిన రోజు.
వేళ్లు తెగిన మిషను.
వేళ్లు తెగిన మనిషి.
అదే తెగిన.
నా భాష ఎవరినీ నిలదీయదు,
రోజునూ మిషనునూ మనిషినీ ఒకే పలుపుకు కట్టి
తోలుకుపోతుంది.
ఇన్నాళ్లూ అది దాని మంచితనం అనుకున్నాను.

ఇంగ్లీషుకు మూడు వాకిళ్లు.
రోజుకొకటి, మిషనుకొకటి.
మూడో దాంట్లో నుంచి పోతే
వేళ్లు గలవాడు ఎదురుపడక తప్పదు.

హూజ్ కొట్టాను. అయిదక్షరాలు.
పంపాను.
శేషగిరి గారు టీ చెప్పలేదు ఆ సాయంత్రం.

ఆదివారం ఆస్పత్రికి పోతే ఇర్మియా లేచి కూర్చున్నాడు.
"ఏం రాసినావమ్మా నా గురించి?"
నీ వేళ్లు నీవేనని రాశానన్నాను.

కట్టు ఉన్న చేతిని ఇంకో చేతిలో పెట్టుకొని
కొంచెంసేపు దాని వంకే చూశాడు.
"దానికి ఇంగ్లీషు కావాల్సి వచ్చిందా?"
అన్నాడు, నవ్వుతా.