పేజీకి ముప్పై రూపాయలు

కాశీబుగ్గ కోర్టు గేటు పక్కన
జిరాక్సు మిషనుకీ టీ బడ్డీకీ మధ్య
నా కంప్యూటరు.
ఇటువాళ్లకీ నేనే కొడతాను, అటువాళ్లకీ నేనే.
కరెంటు పోతే ఇద్దరి గోడూ ఒకేసారి ఆగిపోతుంది.

ఆ రోజు గున్న సుభాషిణి.
ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు.
"నెలకి నీ ఖర్చెంతమ్మా?"
బియ్యం దగ్గర ఒక వేలు మడిచింది,
గ్యాసుకి ఒకటి, పిల్లాడి ఆటోకి ఒకటి,
అమ్మ మోకాలి మాత్రల దగ్గర
చెయ్యి సరిపోక రెండో చెయ్యి తెరిచింది.
"సబ్బులు రాయనా?"
"రాయండి బాబూ. ఈ జీడి మరక సబ్బుకి పోదనుకోండి."
"సినిమాలు, షికార్లు?"
నవ్వింది.
"కాలమ్ ఖాళీగా ఉంచకూడదమ్మా."
"అయితే సున్నా పెట్టీయండి. సున్నా కూడా అంకే కదా."

ఆదాయం దగ్గర మాత్రం ఆగిపోయింది.
గింజ కోస్తే రోజుకి మూడొందలు,
సరుకు లేదని ఫ్యాక్టరీ మూస్తే అదీ లేదు.
రాస్తే, సంపాదిస్తోంది కదా, ఇంకెందుకు అంటారు.
రాయకపోతే, దాచింది చూడండి అంటారు.
ఈ రెండు మాటల సందులో
నేనూ కాసేపు కీబోర్డు మీద చేతులు పెట్టి ఊరుకున్నాను.
"ఉన్నదే రాయండి," అంది.

మర్నాడు అదే కుర్చీలో జగ్గారావు.
మందస దారిలో ఎకరా ముప్పై సెంట్ల జీడితోట
అన్నగారిదట.
బొలెరో మేనమామదట.
తనకి నెలకి ఆరు వేలట, అదీ పనుంటేనట.
'అట'లు అఫిడవిట్లో ఉండవు,
అన్నీ తీసేసి కొట్టాను.
అయిదొందల నోటిచ్చి చిల్లర ఉంచుకోమన్నాడు.
ఆరు వేల మనిషి చిల్లర!
లెక్కపెట్టి చేతిలో పెట్టాను.

లోపల జరిగింది బెంచి గుమాస్తా టీ తాగుతూ చెప్పాడు.
చేతులున్న మనిషికి భరణమేమిటని ఆయన వకీలు.
జడ్జిగారు కళ్లజోడు తీసి అన్నారట:
"బతుకుతోందా అని కాదండీ,
మీ ఇంట్లో ఎలా బతికిందో అలా బతగ్గలదా అని."
కేసు తేలేదాకా నెలకి నాలుగువేల అయిదొందలు,
పిటిషను వేసిన రోజు నుంచీ.

డబ్బు పడిందని తెలిసి బ్యాంకుమిత్ర దగ్గరికెళ్తే
మిషను ఆమె వేలు ఒప్పుకోలేదు.
బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి.
గీతలన్నీ జీడినూనె తినేసింది.
సంపాదిస్తోందనడానికి కోర్టులో అక్కరకొచ్చిన చేతులే
ఆమె ఆమే అనడానికి అక్కరకు రాలేదు.

రెండేళ్లకి విడాకులొచ్చాయి.
మళ్లీ నా దగ్గరికే.
పాత ఫైలు తెరిచి, ఒక్క మీట నొక్కి
'భార్య' ఉన్న పంతొమ్మిది చోట్లా
'మాజీ భార్య' చేశాను, పనితనం చూపిద్దామని.
బెండాళం వకీలమ్మ ఎర్రపెన్నుతో కొట్టేసింది.
"ఈ సెక్షన్లో విడాకులైనా,
మళ్లీ మనువాడనంత కాలం భార్యేనయ్యా. మార్చకు."
పంతొమ్మిది చోట్లా వెనక్కి మార్చాను.
సుభాషిణి తెర వైపే చూస్తోంది.
"అయితే నాను ఇంకా ఆయన పెళ్లాన్నేనా?"
"ఈ కాయితంలోనేనమ్మా."
"డబ్బులకేనా?"
దానికి కాలమ్ లేదు.

ఒకేసారి మూడు లక్షలిచ్చి
చేతులు దులుపుకుంటానని కబురంపాడట ఆయన.
"ఎన్నాళ్లకొస్తాది బాబూ, ఓసారి చూడండి."
క్యాలిక్యులేటర్ నొక్కాను.
"అరవై ఆరు నెలలు. అయిదున్నరేళ్లు."
"పిల్లాడి ఇంటరు అయిపోద్ది," అంది.
కాసేపటికి, "ఆ ఎనక అన్ని ఆరులేటి?"
"అవి తెగవమ్మా. నొక్కినకొద్దీ వస్తాయి."

పది పేజీలు, మూడొందలు.
ఆమె ఒక రోజు కోత.
తొమ్మిదింటికే తీసుకున్నాను.
మంచివాణ్ణని కాదు,
నాలుగో పేజీ నా తప్పుతో రెండుసార్లు ప్రింటయింది.