మూడు దగ్గుమందు సీసాలు

పెరంబూర్ హైరోడ్డులో ఆ మందుల షాపుకి
మూడుసార్లు వెళ్ళాను.
మూడుసార్లూ దగ్గుమందే కొన్నాను.
కౌంటర్ దగ్గర కుర్రాడు, మా మనవడి ఈడు,
"ఎన్న వేణుం సార్?" అంటాడు.
తమిళంలో బేరమాడగలను, తిట్టగలను,
యూనియన్ మీటింగుల్లో మైకు పట్టుకున్నవాణ్ణి.
ఈ ఒక్కటి మాత్రం
తమిళంలోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు.

అలమరలో వరసగా సీసాలు చూసి
"ఇంట్లో దగ్గేదెవరు?" అంది కనకవల్లి.
నేను దగ్గాను.

అరవై ఎనిమిదేళ్ళవాడు
మోకాళ్ళకి నూనె అడిగితే అయ్యో పాపమంటారు.
చెవికి మిషన్ పెట్టుకుంటే మంచి పని అంటారు.
పార్కులో మా నడక జట్టు
సుగర్ అంకెలు పోటీపడి చెప్పుకుంటుంది,
ఒక్కోరోజు ప్రోస్టేట్ దాకా కూడా వస్తాం,
అక్కడ ఎవరో ఒకరు నవ్వుతారు,
మాట క్రికెట్ మీదికి మళ్ళుతుంది.
అందరికంటే గట్టిగా నవ్వే వరదయ్య
ఇంట్లో ఏ సీసాలు దాచాడో.

చివరికి కీల్పాక్‌లో డాక్టరు. టోకెన్ ఇరవై మూడు.
చిన్నపిల్ల. పెన్ను కింద పెట్టి
"ఎన్నాళ్ళ నుంచి?" అంది,
మీ వీధిలో నీళ్ళు ఎన్నాళ్ళ నుంచి రావట్లేదని అడిగినట్టు.
నాలుగేళ్ళు, అన్నాను.
ఆ గొంతు నాదేనా అనిపించింది.

కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు
బ్రేకు గొట్టాలు బిగించినవాణ్ణి నేను.
ఎక్కడ గాలి తగ్గినా
మీటరు ముల్లు ముందే చెబుతుంది,
వినకపోతే రైలు చెబుతుంది.
ఆమె కాగితం మీద గుండె గీసింది,
ఒక లావు నాళం, ఒక సన్న నాళం గీసింది.
"సన్నవే ముందు పూడుకుంటాయి.
ఇందులో సిగ్గేముంది సార్,
ఇది గుండె పంపిన నోటీసు కావచ్చు."
నాలుగేళ్ళు ఆ నోటీసుని
దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

గుండె పరీక్షలు రాసింది, సుగర్ మాత్ర మార్చింది,
రోజుకెన్ని సిగరెట్లని అడిగి
నా లెక్కని సగమే నమ్మింది.
తలుపు దగ్గరికి వెళ్ళాక,
"ఇంట్లో ఆవిడకి చెప్పారా?"

ఆ రాత్రి కరెంటు పోయింది. మేడ మీద చాప.
చీకట్లో మొహం కనబడదు కాబట్టి చెప్పాను.
విసనకర్ర ఆగింది. మళ్ళీ కదిలింది.
"నేను ముసలిదాన్నయిపోయాననే
అటు తిరిగి పడుకుంటున్నారనుకున్నా.
అద్దం చూడ్డం మానేశాను, తెలుసా?"

తెలీదు.
జానెడు దూరంలో పడుకుని
ఎవరి తప్పు వాళ్ళం మోసుకున్నాం,
అసలు లేని తప్పు.

లోకో వర్క్స్ వైపు ఏదో ఇంజను కూసింది.
తన పాదం నా పాదం మీద పెట్టింది,
మెట్టె చల్లగా తగిలింది.
ఇంకేం జరగలేదు ఆ రాత్రి.

తెల్లారి లేచి చూస్తే అలమర ఖాళీ.
సీసాలు మూడూ ఎదురింటి వాచ్‌మన్ తంగవేలుకి ఇచ్చేసింది,
అతనికి నిజంగానే దగ్గు.