తొమ్మిది గంటల బస్సు

"దయచేసి వినండి. చిత్తూరు మీదుగా వేలూరు పోయే బస్సు
ఏడో ప్లాట్‌ఫారం మీద ఉంది."
ఈ మాట అనేసి మైకు ఆపుతాను.
ఎర్ర బొత్తాం నొక్కానా లేదా
రెండుసార్లు చూసుకుంటాను.
అప్పుడు చేతిరుమాలు ముడి విప్పి
తెల్ల డబ్బా తీస్తాను.

ఒకసారి బొత్తాం మరిచాను.
బిళ్ళల గలగల
తిరుపతి బస్టాండంతా వినిపించింది.
గుండ్లు కొట్టించుకున్న పిల్లలు
తలలెత్తి స్పీకరు వైపు చూశారు.
"ఏంది మేయ్, గాజులు పగిలినాయా?" అన్నాడు కంట్రోలరు కుప్పుసామి.
"చిల్లర" అన్నాను.
ఆ పొద్దు నుంచి రుమాలు.
వేరే డబ్బాలోకి మార్చొద్దని షంషాద్ చెప్పింది,
తేమ పీల్చే ఆ చిన్న పొట్లమూ అందులోనే ఉండాలని.
పైన పేరున్న కాగితం మాత్రం గోటితో గీకేశాను.
అదీ వద్దనింది, చూసినాక.

ఎట్ల వచ్చిందని అడగొద్దు.
బస్సు ఏ దోవన వచ్చిందని ఎవరడుగుతారు?
ఎప్పుడు కదుల్తుంది, సీటుందా, అంతే.
రుయా ఆసుపత్రి బెంచీ మీద
నేనడిగిందీ అదే.

"రోజుకొకటి. ఒకే వేళకి. బతికినన్నాళ్ళూ."
రెండో మాట నాకు కొత్త కాదు,
ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ వేళ చెప్పే పని నాది.
మూడోదానికే ఏడ్చాను.

ఒక్క బిళ్ళలో మూడు మందులంట.
టికెట్ లేనోడు ఒక్క చెకింగాయన ఎక్కితే
కిటికీలోంచి దూకుతాడు.
ముగ్గురు మూడు వైపుల నుంచి ఎక్కితే
సీటు కింద ముడుచుకుంటాడు.
వాళ్ళు నాలుగు రోజులు రాకపోతే మాత్రం
వాడు దూకే దోవ నేర్చుకుంటాడు.
నేర్పించాను కూడా.
ఏర్పేడు దగ్గర పసరు పోసే ఆయన
"ఆ బిళ్ళలు ఆపు, మండలం రోజుల్లో కడిగేస్తా" అంటే
పదకొండు రోజులు ఆపాను.
జ్వరం. ఆపైన దగ్గు.
టీబీ మందు మింగిన ఆర్నెల్లూ
పొద్దున ఇంకొక చిన్న బిళ్ళ కలిపి రాశారు.
ఆ డాక్టరుకి ఈ సంగతి, ఈ డాక్టరుకి ఆ సంగతి
దాచకుండా చెప్పినందుకే బతికానంటుంది షంషాద్.

మోకాళ్ళకిచ్చిన కాల్షియం, రక్తానికిచ్చిన ఐరన్,
కడుపుమంటకి తాగే గులాబీ రంగు మందు,
వీటికీ దీనికీ పడదు. వియ్యపురాళ్ళు.
ఒకే పంక్తిలో కూర్చోబెడితే
దీని విస్తరి అవి లాగేస్తాయి.
అందుకే వాటిది పొద్దుటి బంతి,
దీనిది రాత్రి.

పోయిన నెల కాగితంలో "కనబడలేదు" అని వచ్చింది.
ఇంటికి పోయి ఒక్కదాన్నే సంగటి కెలుక్కొని
కడుపునిండా తిన్నాను.
కనబడలేదంటే లేదని కాదు.
డిపోలో నిలిపిన బస్సు అది.
తాళంచెవి రోజూ రాత్రి తొమ్మిదికి
నా నాలుక మీద.

నిన్న వాన. కాళహస్తి బండ్లన్నీ ఆలస్యం.
విచారణ కిటికీ దగ్గర ఒక కుర్రోడు,
భుజాన తడిసిన సంచి, పెయింటు మరకల చేతులు.
బస్సు అడగలేదు.
అద్దానికి నోరు ఆనించి
"అక్కా, నిన్న రాత్రిది తప్పిపోయింది.
ఈ పొద్దు రెండూ కలిపి మింగొచ్చునా?" అన్నాడు.

నేను గడియారం వైపు చూశాను.
"నన్నెందుకు అడుగుతావు నాయనా?"
"అప్పుడు స్పీకర్లో మోగింది కదక్కా.
నా సంచిలోనూ అట్లే మోగుతుంది."

మైకు బొత్తాం చూసుకున్నాను. మూడుసార్లు.
"పోయిన బస్సు పోయింది.
రెండు బస్సులు ఒకేసారి ఎక్కలేవు.
ఈ రాత్రిది ఎక్కు, వేళకి.
తప్పిన సంగతి రేపు ఆసుపత్రిలో చెప్పు, తిట్టరు."

నా నీళ్ళ సీసా కిటికీ కింద సందులోంచి తోశాను.
అద్దానికి ఆ వైపు అతను, ఈ వైపు నేను,
ఇద్దరి గొంతులూ ఒకసారే కదిలాయి.

మదనపల్లె బండి పేరు పిలవడం
రెండు నిమిషాలు ఆలస్యమైంది.
కుప్పుసామి దాన్ని
రిజిస్టర్లో రాసుకున్నాడు.