ఏటి అగుపడతంది?

నౌపడ ఉప్పు మడుల మధ్య గట్టు దారి.
నాకు పద్దెనిమిది నిండి మూడు వారాలు,
వెనకద్దం మీద ఎర్ర టేపుతో నేనే అతికించిన ఎల్.
పాత ఓమ్నీ. తలుపు లాగితే
డబ్బాలో గులకరాళ్ళు పోసిన చప్పుడు.
పక్క సీట్లో మా నాన్న తవిటినాయుడు,
టెక్కలి డిపోలో ఇరవయ్యారేళ్ళు బస్సు తోలిన మనిషి,
చేతులకి ఏం పని పెట్టాలో తెలీక
టిఫిను క్యారేజీ ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు.

"క్లచ్చి ఒగ్గు. ఒగ్గమంటే ఒక్కపాలి ఒదిలీడం కాదే హైమా.
కోడిపిల్లని గంప కిందకి ఒగ్గినట్టు ఒగ్గు."
బండి కప్పలా ఎగిరి చచ్చింది.
మళ్ళీ తాళం. మళ్ళీ కప్ప.
ఉప్పు లాగుతున్న ముసలామె పని ఆపి
మా ఇద్దర్నీ తీరుబడిగా చూసింది, టిక్కెట్టు కొన్నట్టు.

నాలుగోనాటికి రెండో గేరు పడింది.
"ఇంజిను మూలుగుతంది, ఇనబడ్డం నేదా? మార్చీ."
నాకేమీ వినబడదు.
ఆయన మోకాలికి వినబడుతుంది,
నాకన్నా ముందే కదులుతుంది.

పది బారలకోసారి అదే ప్రశ్న:
"ఏటి అగుపడతంది?"
ఉప్పు కుప్ప నాన్నా. తాటాకు కప్పినారు.
"ఇంకేటి?"
సైకిలు. వెనక క్యాను కట్టుకున్నాడు.
"ఎటు సూస్తన్నాడు?"
మనవైపే.
"అయితే పర్నేదు. సూడనోడితోనే బయ్యం."

ఇది పాఠమనుకున్నాను.
స్టీరింగు పట్టినవాళ్ళు లోకాన్ని
ఒకటో తరగతి వాచకంలా పైకి చదువుకుంటూ పోవాలి కాబోలు.
చదివాను. కొంగలు, ఐదు. మోటారు పైపు.
ఎవరిదో ఆరేసిన లుంగీ.
విసుగెత్తి ఒకసారి, "ఏనుగు" అన్నాను.

నవ్వలేదు.
"ఎంత దూరంలో?" అన్నాడు.

ఆ ఏడు కొండల్లోంచి ఏనుగులు దిగిన మాట నిజమే,
కానీ ఉప్పు మడుల్లోకా?
బ్రేకు ఎప్పుడు తొక్కానో తెలీదు.
ఆయన ముఖం నేరుగా ముందుకే ఉంది,
ఆ ఎండలో, అంత తెలుపులో,
లేని ఏనుగు కోసం వెతుకుతూ.

రాత్రి కవ్వళ్ళు తోముతూ అమ్మ చెప్పింది.
డిపోలో కళ్ళ పరీక్షకి
అక్షరాల అట్ట కంఠతా పట్టి రెండేళ్ళు గట్టెక్కాడట.
మూడో ఏడు అట్ట మార్చారు.
ఈయన పాత అట్టనే, ఒక్క తప్పు లేకుండా,
పైనుంచి కిందదాకా అప్పజెప్పి వచ్చేశాడట.
డాక్టరు మధ్యలో ఆపలేదట.

ఆ రెండేళ్ళూ కాలేజీకి ఆ బస్సులోనే వెళ్ళాను.
ముందు సీటు నాకని తువ్వాలు వేసి ఉంచేవాడు.
కబుర్లు చెప్పు, ఎవరెవరున్నారో చెప్పు అని
దారంతా మాట్లాడించేవాడు.
వెనక యాభై మంది.
కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మర్నాడు తాళాలు నేనే తీశాను.
ఏమీ అడగలేదు. ఆయనా చెప్పలేదు.
"ఇయ్యాల హైవే" అన్నాడు.

అడక్కముందే చెప్పాను:
లారీ నాన్నా, ఎడం పక్క, గ్రానైటు దిమ్మ ఉంది.
"గొలుసు కట్టినాడా?"
కట్టాడు.
"అయితే బేగి దాటీ. రాయి పక్కన ఉండకు."

కోటబొమ్మాళి దాటి లోపలి రోడ్డు పట్టాక
"ఇక్కడో చింతచెట్టుండాల" అన్నాడు,
"దాని కాడే మలుపు."
చెట్టు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు,
మొదలు కూడా మిగల్చలేదు.
ఉందని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది.

కొట్టీసినారు నాన్నా.

కాసేపు క్యారేజీ మూత సరిచేసుకున్నాడు.
"మలుపు?"
మలుపు ఉంది.
"మరైతే హారను కొట్టు."

కొట్టాను.