మినహాయింపు

గ్యాసు బిల్లు వచ్చిన కవరు వెనక
స్కేలు లేకుండా మూడు గడులు గీశాను.
ఒకటి, ఒమాహా వచ్చిన నాటి నుంచీ కడుతున్న పాత కంపెనీ.
రెండు, రేడియోలో పొద్దున్నే ఈల వేసే కంపెనీ.
మూడు, పక్కింటి డార్లీన్ మరిది పనిచేసే కంపెనీ.
కారుకో అంకె, ఇంటికో అంకె,
రెండూ తెచ్చి మాకే అప్పగిస్తే ఇంకో అంకె.

కొత్త డ్రైవరు వయసెంతండీ,
అడిగింది ఫోనులో అమ్మాయి.
పదహారో పదిహేడో అంటాననుకుందేమో
గొంతులో ముందే కాస్త జాలి పెట్టుకుంది.
యాభై ఒకటి, అన్నాను.
అవతల కీబోర్డు ఆగింది.
అనుభవం?
పదకొండు రోజులు.

పేరు త్రిపురసుందరి.
చిక్కుడుకాయలు ఒలిచినట్టు
ఒక్కో అక్షరం ఒలిచి ఇచ్చాను.
అంతా విని 'ట్రిప్' అని రాసుకుంది.
పోనీలే, డ్రైవరుకి తగ్గ పేరే.

ఇంటి కప్పు వయసెంత?
కుక్క ఉందా, కరుస్తుందా?
పెరట్లో ట్రాంపొలీన్ ఉందా?
లేదమ్మా, ఈ ఇంట్లో
ఎగిరెగిరిపడే వయసు ఎవరికీ లేదు.
మే నెల వడగళ్ళకి బానెట్ మీద పడ్డ సొట్టలు మాత్రం ఉన్నాయి,
వేళ్ళతో తడిమితే ఇడ్లీరేకులా ఉంటుంది.

పాత కంపెనీయే అందరికన్నా ఎక్కువ చెప్పింది.
ఇరవై నాలుగేళ్ళు కట్టాం కదా అంటే
ధన్యవాదాలు, అంది.
వడ్డించేవాడు మనవాడనుకుని
కడబంతిలో కూర్చున్నట్టయింది.

మూడోవాళ్ళ అంకె చూసి కళ్ళు చల్లబడ్డాయి.
ఇంకా తగ్గుతుంది మేడమ్, అన్నాడతను ఉత్సాహంగా.
మీవారు ఇక నడపరు కదా,
ఆయన్ని మినహాయించేద్దాం.
ఒక్క సంతకం.

కాగితం మెయిల్లో వచ్చింది.
భానుమూర్తి అనే వ్యక్తి ఈ వాహనం నడిపినచో
కలుగు ఏ నష్టమునకూ, అని
అతని ఇంగ్లీషు నా చెవిలో
కోర్టు తెలుగై మోగింది.

ఆ వ్యక్తి సోఫాలో సాక్సు వేసుకుంటున్నాడు.
గ్లాకోమా ఆయన చూపుని
అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చింది,
ఎలుక పాత అట్టని కొరికినట్టు.
మధ్యలో రూపాయి బిళ్ళంత మిగిలింది.
ఎదురుగా నిలబడితే నేనున్నాను.
పక్కన కూర్చుంటే లేను.

దాచడం చేతకాక కాగితం చేతికిచ్చాను.
ఆ రూపాయి బిళ్ళని వరస వెంట జరుపుకుంటూ
నాలుగో పేజీ దాకా వెళ్ళాడు.
తన పేరు దగ్గర ఆగలేదు.
వడగళ్ళ దగ్గర ఆగాడు.
చూశావా, కప్పుకి దెబ్బ తగిలితే
ఇంటి విలువలో రెండు శాతం మనమే పెట్టుకోవాలట.
మూడు లక్షల ఇల్లు. ఆరు వేలు.
ఇదేం చవకే సుందరీ?

చిన్నక్షరాలు చదవడానికి
ఆ కాస్త చూపూ చాలు.

కవరు మీద మూడో గడి కొట్టేశాను.
ఈల కంపెనీకి మళ్ళీ ఫోను చేశాను.
వాళ్ళ దరఖాస్తులో ఇంకో వరస ఉందట:
ఇంట్లో ఉంటారు, నడపరు.
నెలకి పదకొండు డాలర్లు ఎక్కువ.
రాసుకోండి, అన్నాను,
ఇంట్లో ఉంటారు.

ఇవాళ డాడ్జ్ వీధిలో మొదటి మంచు.
ఇరవై నాలుగేళ్ళు నేను తొక్కిన లేని బ్రేకు
ఇప్పుడు ఆయన కాలి కింద ఉంది.
ప్రతి మలుపుకీ తొక్కుతున్నాడు, నేను నవ్వడం లేదు.
ఎర్ర దీపం దగ్గర ఆగాను.
ఆయన మెడంతా తిప్పి, భుజం కూడా తిప్పి
నా వైపు చూశాడు.
స్టీరింగు ఆయనదైనన్నాళ్ళూ
అద్దాలు చూసేవాడు, వెనక లారీ చూసేవాడు.

ఇటేంటి, రోడ్డు చూడండి, అన్నాను.
అది నీ పని, అన్నాడు.