పదింట నాలుగు

ముందు మైనం కరగాలి.
వెదురుపుల్ల కొస నున్నగా గీకి
నీళ్ళలో ముంచి, మైనంలో ముంచి, మళ్ళీ నీళ్ళలో ముంచితే
శెనగగింజ పట్టేంత గిన్నె ఊడొస్తుంది.
పది గిన్నెలు. చెక్కబద్దకి తలకిందులుగా అతికించాను.
ఇంతవరకూ నా చెయ్యి బాగానే ఉంది.

ఆ తరవాతే వణుకు.

మాఘమాసం. జీడిపూత వాసనకి
మందస దారి పొడుగునా గాలి జిగటగా ఉంది.
పోస్టాఫీసు పెరట్లో నావి నాలుగు తేనెపెట్టెలు.
రెండోదానిలో రాణి ముసలిదైంది,
మూడోదానిలో అసలు లేదు.
రాణి లేని పెట్టె మూలుగు ఎప్పుడైనా విన్నారా?
కరెంటు పోయే ముందు ట్రాన్స్‌ఫార్మరు అలాగే అంటుంది.

గుడ్డు విడి ఒక్క పూటైన పిల్లపురుగు కావాలి.
కామా గుర్తులో సగం,
తెల్లటి పాలబొట్టు మీద వంకరగా పడుకుని ఉంటుంది.
నా కళ్ళద్దాలకి కనిపిస్తుంది,
నా చేతికి దొరకదు.
నిరుడు ముప్పై ఒక్క పిల్లల్ని చంపాను.
పాత మనియార్డరు ఫారం వెనక గీతలు పెట్టుకున్నాను,
ఎవరికీ చూపించలేదు.

తవిటమ్మని పిలిచాను.
జీడి బట్టీలో ఇరవై రెండేళ్ళు,
గుండు పప్పు బద్ద కాకుండా పొట్టు తీసే చెయ్యి.
పిక్క నూనెకి వేళ్ళ కొసలు నల్లబడి, నున్నబడి,
ఉపాధి కూలి డబ్బుల రోజున నా మిషను మీద
పది వేళ్ళూ ఒకదాని తరవాత ఒకటి పెడుతుంది.
"మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది మిషను.
"నాను నానే బాబూ, దానికి నువ్వు సెప్పు" అంటుంది తవిటమ్మ.
నేను చెప్పినా అది వినదు.

చీపురుపుల్లని బ్లేడుతో చీల్చి
కొసని నాలికలా వంచి తనే చేసుకుంది.
"ఏ పక్కనించి ఎత్తాల?"
వీపు వైపు నించి. తిరగెయ్యకూడదు.
పైకున్న పక్కతోనే గాలి పీలుస్తుంది,
బోర్లాపడితే ఆ పాలల్లోనే మునిగిపోతుంది.
"అంటే, గుంటని నిద్దర లేపకండా
మంచం మార్చాలన్నమాట."
అంతే. నా పుస్తకంలో అది రెండు పేజీలుంది.

ఒకటి. తడిగుడ్డ కప్పాను.
రెండు. మూడు.
వాకిట్లో ఎవరో రిజిస్టరు ఉత్తరానికి కేకేశారు, నేను కదల్లేదు.
ఏడు దగ్గర పైటకొంగుతో చెమట తుడుచుకుంది.
పది.

"ఇది కూలీయీగ పిల్లే గదా?"
ఇప్పటికి ఏదీ కాదు.
ఉన్నచోటే ఉంటే మూడోనాడు పాలు మానిపించి
పుప్పొడి ముద్ద పెడతారు, కూలీ అవుతుంది.
ఈ గిన్నెలో అయితే ఆఖరిదాకా పాలే.
తవిటమ్మ పుల్ల కొస తుడుస్తూ కూచుంది.
"నాకు ముందు ఇద్దరు పోనారు.
మా మేనత్త సేటడు తవుడిచ్చి నన్ను కొనుక్కుని
మళ్ళీ మాయమ్మకే పెంచమని ఇచ్చీసింది.
గిన్నె మారింది గానీ గంజి మారనేదు" అని
పెద్దగా నవ్వింది. పెట్టె మూత నా చేతిలో కదిలింది.

మర్నాడు చూస్తే పదింట నాలుగు.
మిగతా ఆరు గిన్నెలూ శుభ్రంగా నాకేసి ఉన్నాయి,
ఎప్పుడూ ఎవరూ లేనట్టు.
పుస్తకం లెక్కకి తక్కువే. నాకు పండగ.
తవిటమ్మ ఆ ఆరింటినే చూసింది.
"ఏటి తప్పు సేసినాను?"
తెలీదన్నాను. నిజంగా తెలీదు.

పదో రోజుకి గూళ్ళు వేరు చెయ్యాలి.
ముందు పుట్టిన రాణి
మిగతా ముగ్గుర్నీ గూట్లోనే పొడిచేస్తుంది.
ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.
వేరుశెనక్కాయలాంటి గూటిని చొక్కా జేబులో వేసుకుని
వెచ్చదనం పోకుండా
ఒక పెట్టె నించి ఇంకో పెట్టెకి మెల్లగా నడిచాను.

ఇవాళ మూడో పెట్టె రాణి పెళ్ళికి ఎగిరింది.
కరెంటు తీగ మీద పసిరికపిట్టలు ఐదు.
కిటికీ దగ్గర కూచుని ఆ తీగనే చూస్తూ
ఒక్క కవరు మీద మూడుసార్లు ముద్ర కొట్టాను.
నాలుగైంది. పెట్టె వాకిట్లో ఒకటే రద్దీ,
అందులో తనుందో లేదో నాకు ఆనడం లేదు.

తవిటమ్మ అయిదింటికి బట్టీ దిగుతుంది.